పెద్దల్లుడి పిన్నీసు

నగరిలో మునిరత్నం ఇంట్లో, టీవీ పక్కన గాజు బీరువాలో ఒక వీడియో క్యాసెట్ ఉంది. దాన్ని చూస్తే ఆయన పెద్దల్లుడు యోగానందం ముఖం తిప్పుకుంటాడు.

అది ఆ ఇంటి రెండో కూతురి పెళ్ళి క్యాసెట్. మూడు గంటల నిడివి. అందులో తాళి కట్టే ఘట్టం ఎక్కడుందో మునిరత్నానికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెద్దల్లుడి ఎడమకాలు ఎక్కడొస్తుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలడు.

ఊరేగింపు సమయం అది. వీడియో తీసేవాడికి ఏం బుద్ధి పుట్టిందో, కెమెరాను నేలమట్టానికి దించి, వరసగా అందరి పాదాలనూ తీసుకుంటూ వచ్చాడు. కళ కోసం. ఆ కళలో ముందు ఒక పట్టుపంచె అంచు కనబడుతుంది. దాని కింద తోలు చెప్పు. ఆ చెప్పుకు తెగిన ఉంగటం. బొటనవేలు దూర్చే ఆ ఉంగటాన్ని కరిచిపట్టుకుని, లైటు వెలుగులో అరుంధతీ నక్షత్రంలా మెరుస్తూ ఒక పిన్నీసు. ఆ తర్వాత కెమెరా తాపీగా పైకి పోయి, పళ్ళికిలిస్తున్న యోగానందం ముఖం దగ్గర ఆగుతుంది.

ఆరేళ్ళుగా పండగకూ పబ్బానికీ ఆ క్యాసెట్ వేస్తూనే ఉన్నారు. ఆ చోటు రాగానే మునిరత్నం "ఉండండి, ఉండండి" అంటూ రిమోటు అందుకుని వెనక్కి తిప్పుతాడు. పిన్నీసు మళ్ళీ మెరుస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. పురోహితుడి మంత్రాలు అరిగిపోలేదు గానీ, ఆ చోట టేపు అరిగిపోయింది. నగరి మగ్గాల వీధిలో "పిన్నీసల్లుడు" అంటే ఇంకే గుర్తూ చెప్పనక్కర్లేదు.

ఆ పిన్నీసు యోగానందం పెళ్ళాం భువనేశ్వరిది. ఆమె గాజులకు ఎప్పుడూ వేలాడే గుత్తిలోది. ఆ మాట ఎత్తితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"తెగిందంటిరి, పిన్నీసు ఇచ్చినాను. పండ్లికిలించమని కూడా నేనే చెప్పినానా?"

అలాంటి రోజుల్లో మూడో అమ్మాయి భానుశ్రీకి చిత్తూరు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వంశీ, కాలేజీలో లెక్కల లెక్చరరు. వైశాఖంలో ముహూర్తం. ఆ కబురు వినగానే యోగానందం మనసులో మెదిలింది పెళ్ళి కాదు, కొత్త క్యాసెట్. కొత్త క్యాసెట్ వస్తే పాతదాన్ని ఎవరు చూస్తారు? ఈసారి కెమెరా ఎంత కిందికి దిగితే అంత మంచిది. దిగి చూసుకోనీ!

సరిగ్గా అప్పుడే రెండో అల్లుడు గోపీ కొండకు పోతూ తిరుపతిలో యోగానందం ఇంట్లో దిగాడు. గోపీ రాణిపేటలో, బూట్లు కుట్టి దేశాలకు పంపే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. అతను గుమ్మం పక్కన విడిచిన బూట్లవైపు యోగానందం, ఉపవాసం ఉన్నవాడు పక్కింటి విస్తరివైపు చూసినట్టు చూశాడు.

"ఏందన్నా అట్ల చూస్తా ఉండావు?" అన్నాడు గోపీ.

"ఏంలేదు తమ్ముడూ. నీ బూట్లలో నా ముఖం కనబడతా ఉండాది. ఎప్పుడు ఇంత నల్లబడినానా అని."

గోపీకి అంతకన్నా ఏం కావాలి? చాప మీద చేరగిలబడి ఉపదేశం మొదలుపెట్టాడు.

"జనం మనిషి ముఖం చూసి కొలుస్తారనుకుంటావు నువ్వు. తప్పన్నా. కాళ్ళు చూసి కొలుస్తారు."

"నన్ను ఆరేండ్లుగా అట్లనే కొలస్తా ఉండార్లే. నువ్వు చెప్పు."

"సందర్భానికి తగిన బూటు, అదీ సూత్రం. ఆఫీసుకి నల్లటిది, లేసులది. చిన్న చిన్న ఫంక్షన్లకి లోఫర్. పెండ్లి లాంటి పెద్ద సందర్భానికైతే మంక్ మోడలు. లేసులుండవు, పక్కన ఇత్తడి బకిల్ ఉంటాది."

"మంక్ అంటే ఏంది?"

"సన్నాసి అన్నా. ఆ దేశాల్లో ముందుకాలం సన్నాసులు వేసుకునేటోళ్ళంట. ఇప్పుడు పెద్ద పెద్దోళ్ళంతా అదే."

వంటింట్లో దోసె తిరగేస్తున్న భువనేశ్వరి చెవిన ఆ మాట పడనే పడింది.

"పెండ్లికి పొయ్యేదానికి సన్నాసి బూట్లా? బాగుండాది అబ్బోడా మీ కంపెనీ!"

"ఫ్యాషన్ వదినా అది."

"ఏ ఫ్యాషనో ఏమో. మనిషికి ఉండేది రెండు కాళ్ళు, ఒక జత సాలు. రెండు మూడు జతలు కావాలనేదానికి మనిషికేమన్నా నాలుగు కాళ్ళుండాయా?"

యోగానందం కూడా గోపీతోపాటు నవ్వాడు. రెండో దోసె సగంలో ఉండగా అర్థమైంది, ఆమె అన్నది తనని.

అయినా మొదటి జతకు ఆమె అడ్డు చెప్పలేదు. ఆఫీసు కోసం అంటే సరేనంది. గాంధీరోడ్డు వెనక సందులో మునస్వామి చెప్పుల అంగడికి పోయి, యోగానందం నల్ల లేసుల బూట్లు తెచ్చుకున్నాడు.

మొదటిరోజు అవి తొడుక్కుని ఇల్లు దాటడానికి అరగంట పట్టింది. వంగితే పొట్ట అడ్డం వచ్చింది. పొట్ట లోపలికి పీలిస్తే ఊపిరి అడ్డం వచ్చింది. చివరికి మంచం మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తితే, ఎనిమిదో తరగతి చదివే కూతురు ధరణి లేసులు కట్టింది.

"నేను ఒకటో క్లాసులో ఉన్నెప్పుడు నువ్వు నాకు కడతా ఉంటివి గదా నాయనా," అంది ధరణి. "నువ్వైతే ఇట్ల కాళ్ళాడించొద్దని వీపు మీద ఒకటి ఇస్తా ఉంటివి."

ఆఫీసులో కొత్తగా వచ్చిన ఆఫీసరు భక్తిపరుడు. ఆయన గదిలో గోడ కనబడకుండా దేవుడి పటాలు. తలుపు మీద ఒక కాగితం: 'పాదరక్షలు బయట విడువవలెను'. సీనియర్ అసిస్టెంటు యోగానందం ఫైళ్ళు పట్టుకుని రోజుకు పదిసార్లు ఆ గదిలోకి పోవాలి. పదిసార్లు విప్పాలి, పదిసార్లు కట్టాలి. ఆయన గంట కొట్టాక ఇతను లేసులు విప్పి లోపలికి పోయేసరికి, ఎందుకు పిలిచాడో ఆయనే మరిచిపోయేవాడు.

మూడోరోజు కుడికాలి మేజోడుకు చిల్లు పడింది. బొటనవేలు బయటికి వచ్చి ఆఫీసరుగారిని చూసింది. ఆఫీసరుగారు బొటనవేలును చూశారు.

"ఏమప్పా, బాగుండావా?" అని అడిగారాయన.

ఆ పలకరింపు తనకో, వేలికో తేల్చుకోలేక యోగానందం ఫైలు అక్కడ పెట్టి వచ్చేశాడు.

నాలుగోరోజునుంచి బూట్లు బల్లకింద కూర్చునేవి. యోగానందం పాత చెప్పులతో తిరిగేవాడు. పదింటినుంచి అయిదింటిదాకా సీటు వదలకుండా ఉండే ఉద్యోగులు ఆ ఆఫీసులో ఆ బూట్లు మాత్రమేనని పేరు కూడా వచ్చింది.

లేసులవల్లే కదా ఈ తంటా అని మళ్ళీ మునస్వామి అంగడికి పోయాడు. మునస్వామి ఒక జత తీసి ముందు పెట్టాడు.

"ఇది చూడండి సార్. లోఫర్."

"ఎవర్నయ్యా?"

"మిమ్మల్ని గాదు సార్. బూటు పేరే అది."

"ఇంట్లో చెప్పుకునేదానికి ఇంకేమన్నా పేరుండాదా?"

"లేదు సార్, అందరూ లోఫరనే అంటారు. వేసుకోండి, మీకైతే అతికినట్టు సరిపోతాది."

ఇంటికొచ్చి "ఫంక్షన్ బూట్లు" అని చెప్పాడు. పెట్టె మీద అక్షరాలు ధరణి గట్టిగా చదివింది. భువనేశ్వరి పెట్టెవైపోసారి, మొగుడివైపోసారి చూసి, "పర్వాలేదే, పేరు రాసి మరీ అమ్ముతా ఉండారు," అంది.

లోఫర్ సుఖం లోఫర్‌దే. కాలు దూరిస్తే లోపల, విదిలిస్తే బయట. శనివారం పెళ్ళాంబిడ్డలతో గుడికి పోయినప్పుడు, చెప్పులు పెట్టేచోట వరస పొడుగ్గా ఉందని, గోడవారగా విదిలించి లోపలికి పోయాడు. దర్శనం చేసుకుని తిరిగొచ్చేసరికి గోడ ఉంది. లోఫర్లు లేవు. పక్కనే భువనేశ్వరి అరిగిన చెప్పులు, ధరణి రబ్బరు చెప్పులు చెక్కు చెదరకుండా ఉన్నాయి. సందర్భానికి తగిన బూటేదో దొంగకు కూడా తెలుసన్నమాట.

యోగానందం గోడ పొడుగునా రెండుసార్లు వెతికాడు. భువనేశ్వరి మాత్రం రెండు చేతులూ ఎత్తి గోపురానికి దణ్ణం పెట్టింది.

"గోవిందా! చూసినావా ధరణీ! శనివారం పూట గుడికాడ చెప్పులు పోతే పట్టిన శని పోయినట్టే. మీ నాయనకి ఏడున్నరేండ్ల శని అన్నాడు అయ్యవారు. ఏడున్నర వారాలు కూడా పట్టలా, పాయె!"

"శని గాదే పోయింది! లోఫర్!"

"రెండూ ఒకటే లెండి."

ఇంటికి పోగానే సేమ్యా పాయసం వండింది. గిన్నె చేతికిచ్చి, తినేదాకా ఆగి, అప్పుడు తీర్పు చెప్పింది.

"ఇంక బూట్లు కొనే మాట లేదు. పోయిన శనిని అంగడికి పోయి ఎవురన్నా మళ్ళా తెచ్చుకుంటారా?"

శాస్త్రంతో వాదించవచ్చు. శాస్త్రం పేరు చెప్పి పెట్టిన పాయసం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాక మాత్రం వాదించడం కష్టం.

కానీ ముహూర్తం నెల రోజుల్లోకి వచ్చేసింది. కళ్ళు మూసుకుంటే చాలు, మామ చేతిలో రిమోటు కనబడుతోంది. ఇక యోగానందం దొంగదారి పట్టాడు.

మునస్వామి ఆంబూరునుంచి తెప్పించిన మంక్ బూట్లు తేనెరంగులో ఉన్నాయి. ఒక్కొక్కదానికి పక్కన రెండేసి ఇత్తడి బకిళ్ళు. ముక్కు ఎంత నున్నగా ఉందంటే, అద్దం లేకపోతే దాంట్లో చూసి క్రాపు దువ్వుకోవచ్చు. ఎనిమిదో నంబరు. కాలు పెట్టగానే, ఆరేళ్ళ అవమానం అరికాలినుంచి దిగిపోయినట్టనిపించింది.

తేవడం సులభమే. దాచడం ఎక్కడ? బీరువా తాళం ఆమె కొంగున ఉంటుంది. మంచం కిందికి చీపురు రోజుకు రెండుసార్లు పోతుంది. ఆలోచించి ఆలోచించి అటక మీదున్న కొలువు బొమ్మల పెట్టె పట్టుకున్నాడు. దసరాకు దిగే పెట్టె అది. దసరా అయితే ఎక్కేస్తుంది. మధ్యలో ముట్టేవాళ్ళుండరు. బూట్లను పాతపంచెలో మూటగట్టి, దశావతారాల పక్కన సర్ది, "తప్పే సామీ, నెల్లాళ్ళు రవంత జరిగి కూర్చోండి," అని చెంపలు వేసుకున్నాడు.

ఆదివారాలు మధ్యాహ్నం భువనేశ్వరి పక్కింటి రుక్మిణమ్మ దగ్గర కుట్టుపనికి పోయినప్పుడు, స్టూలెక్కి వాటిని దించి, తొడుక్కుని, చాప మీద నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ నడిచి, ముక్కులు తుడిచి, మళ్ళీ దేవుళ్ళ మధ్య పడుకోబెట్టేవాడు.

ఆ రోజుల్లోనే మామ ఫోన్ చేశాడు. వెనక మరమగ్గాల టకటకల మీదుగా అరుస్తున్నాడు.

"అల్లుడా! నాకు కొడుకుల్లేరు గదా. కొడుకైనా పెద్దల్లుడైనా నువ్వే. కాశీయాత్రకి గొడుగు, కర్ర నేను చూసినాను. పెండ్లికొడుక్కి చెప్పులు నువ్వు తే. తిరపతిలో మంచివి దొరకతాయి. ఎనిమిదో నంబరంట. భాను అన్న తావున నిలబడి నువ్వే తొడగాల. ఇనబడిందా?"

కాశీయాత్ర ఆ ఇంటి పెళ్ళిళ్ళలో తప్పనిసరి. తాళి కట్టేముందు పెళ్ళికొడుకు, ఈ సంసారం నాకొద్దు, సన్నాసం పుచ్చుకుని కాశీకి పోతానని వీధిలోకి బయలుదేరతాడు. ఆడపెళ్ళివాళ్ళు గడ్డం పట్టుకుని బతిమాలి, గొడుగు పట్టి, కాళ్ళకు కొత్త చెప్పులు తొడిగి, వెనక్కి తెస్తారు. ఆ తర్వాత నిజంగానే కాశీకి పోవాలనిపించే రోజులు చాలా వస్తాయి. అప్పుడు మాత్రం బతిమాలేవాళ్ళూ ఉండరు, గొడుగు పట్టేవాళ్ళూ ఉండరు.

"నేను చూసుకుంటా మామా," అన్నాడు యోగానందం.

అనడం అన్నాడు. కానీ కాశీయాత్ర అనే మాట చెవిన పడగానే అతని బుర్రలో వేరే లెక్క మొదలైంది. పెళ్ళిలో వేదిక ఎక్కితే చెప్పులు విప్పాలి. బంతిలో కూర్చుంటే విప్పాలి. అక్షింతలు వేయాలన్నా విప్పాలి. బూట్లతో నిలబడటానికి పెళ్ళి మొత్తంలో మిగిలేది ఒకే ఒక్క సందర్భం, వీధిలో జరిగే కాశీయాత్ర. పైగా అందరి కళ్ళూ పాదాల మీదే. కెమెరా నేలకు దిగే చోటు! ఈ ఆనందంలో తన కాళ్ళు మాత్రమే గుర్తున్నాయి. పెళ్ళికొడుక్కి కూడా కాళ్ళుంటాయన్న సంగతి మరుగున పడింది.

"పెండ్లికొడుకు చెప్పులు తెచ్చినారా?" అని భువనేశ్వరి అడిగింది.

"రేపు."

వారం పోయాక మళ్ళీ అడిగింది.

"ఈ పొద్దు అంగడి మూసినాడు. రేపు."

ఆ తర్వాత ఆమె అడగలేదు. పెళ్ళాం ఒక విషయం రెండుసార్లు అడిగి మూడోసారి ఊరుకుందంటే మగవాడు భయపడాలి. యోగానందం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక సాయంకాలం ఆఫీసునుంచి వచ్చేసరికి, భువనేశ్వరి వసారాలో కూర్చుని రెండు ఎర్రచందనం బొమ్మలకు నూనె పూస్తోంది. ఆడబొమ్మ, మగబొమ్మ. కొత్త పెళ్ళికూతురికి సారెలో పెట్టే మరపాచి బొమ్మల జత.

"యాడివే ఇవి?" అన్నాడు గుమ్మంలోనే ఆగిపోయి.

"యాడివేంది? కొలువు పెట్టెలోవి. మా అమ్మ నాకిచ్చినేటివి, ఇప్పుడు భానుకి ఇస్తా ఉండాను."

"అంత పైనుంచి... నువ్వే దించినావా? నన్ను పిలిచి ఉంటే..."

"దించేదేముండాది? పైనే ఉన్నాయి. చెయ్యి పెట్టి తీసుకున్నాను."

ఆమె నీళ్ళకు పోగానే స్టూలెక్కి చూశాడు. మూట మూటలాగే ఉంది. ముడి ముడిలాగే ఉంది. మత్స్యావతారం నెత్తిన చెయ్యి పెట్టి యోగానందం కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది, "మీ కాలు ఎన్నో నంబరండీ?"

"ఎనిమిది. దేనికి?"

"ఊరికినే. వంశీది కూడా ఎనిమిదేనంట. విచిత్రం గదా?"

"ఇందులో విచిత్రమేముండాది? తోడల్లుళ్ళం కాబోతా ఉండాము," అని తన చమత్కారానికి తానే మురిసిపోయి, ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాడు. అంత తెలివైన మనిషి.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే బస్సెక్కారు. మూట సూట్‌కేసు అడుగున, పట్టుపంచె కింద ఉంది. దుమ్ము పడుతుందని ప్రయాణానికి పాత చెప్పులే వేసుకున్నాడు. వడమాలపేట దగ్గర బస్సు ఆగితే మజ్జిగకని దిగాడు. దిగీ దిగగానే ఎడమకాలు చెప్పు ఉంగటం తెగింది. ఆరేళ్ళనాడు తెగిన చోటే.

భువనేశ్వరి గాజుల గుత్తిలోంచి ఒక పిన్నీసు తీసి, కిటికీలోంచి కిందికి అందించింది.

"మండపం చేరిందాకానే గదా," అనుకున్నాడు యోగానందం. పిన్నీసు పెట్టుకుంటూ ఈలకూడా వేశాడు.

మర్నాడు ఉదయం బాజాలు మోగాయి. బుగ్గన చుక్క, కళ్ళకు కాటుక, చేతిలో కర్రతో వంశీ మండపం మెట్లు దిగాడు. వీడియోవాడు అప్పుడే మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా కిందికి దించుతున్నాడు. ఇదే అదను! యోగానందం విడిదిగదిలోకి పరుగెత్తి సూట్‌కేసు తెరిచాడు. మూట ఉంది. తేలిగ్గా ఉంది. విప్పితే లోపల ఒక జత కొత్త మేజోళ్ళున్నాయి. చిల్లుల్లేనివి. బూట్లు లేవు.

మూటను దులిపాడు. సూట్‌కేసు బోర్లించాడు. అంతలో వీధిలోంచి పురోహితుడి గొంతు మైకులో ఖంగుమంది.

"పాదరక్షలు! వరుడికి పాదరక్షలు తీసుకురండి! పెద్దల్లుడుగారు ఎక్కడ?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదో నంబరు. మామ చెప్పిన ఒకే ఒక్క పని.

ఆ పాత చెప్పులతోనే కాళ్ళీడ్చుకుంటూ బయటికి వచ్చాడు. వీధి వీధంతా ఇతనివైపే చూస్తోంది. చిత్తూరువాళ్ళలో ఎవరో ముసలాయన, "చెప్పులు లేకుండా కాశీకి ఎట్ల పోతాడప్పా మావాడు? ఎండ చూస్తే ఇట్లుండాది!" అంటున్నాడు. మునిరత్నం ముఖం పాలిపోయింది. మగపెళ్ళివాళ్ళ ముందు ఇన్నేళ్ళ పరువు ఒక జత చెప్పుల మీద ఆగి ఉంది.

"చెప్పులేవి అల్లుడా?"

"మామా... అదీ..." అంటూ యోగానందం వీధి చివరికి చూశాడు. ఇప్పుడు వంశీతోపాటు ఎవరైనా తననీ కాశీకి తోలితే బాగుండుననిపించింది. తను మాత్రం తిరిగి రాడు. ఎంత బతిమాలినా రాడు.

"ఈడ ఉండాయి నాయనా!"

జనం తొలగారు. భువనేశ్వరి ఇత్తడి తాంబాళం పట్టుకుని వస్తోంది. తాంబాళంలో తేనెరంగు మంక్ బూట్లు. ముక్కుల మీద పసుపు, కుంకుమ బొట్లు. ఒకదానిలో ఒక తమలపాకు కూడా ఉంది.

"మీ అల్లుడు నెల్లాళ్ళ ముందే తెచ్చి పెట్టినాడు," అంది ఆమె, అందరికీ వినబడేలా. "దుమ్ము పడకూడదని కొలువు బొమ్మల నడమ, దేవుళ్ళ పక్కన దాచినాడు. నన్ను కూడా ముట్టనీలేదు."

మునిరత్నం బూట్లవైపు చూశాడు. అల్లుడివైపు చూశాడు. అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేను రబ్బరు చెప్పులు తెస్తావేమో అనుకుంటినప్పా. తప్పై పాయె. కొడుకున్నా ఇంత చెయ్యడు."

వీధిలో, మూడువందలమంది ఎదుట, యోగానందం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తను ముక్కులు తుడిచిన బూట్లను, తను చాప మీద నడిపించిన బూట్లను, తన చేతులతోనే వంశీ కాళ్ళకు తొడిగాడు. బకిళ్ళు పెట్టాడు.

"నా కాలికే కుట్టినట్టుండాయి అన్నా!" అన్నాడు వంశీ.

"అవును తమ్ముడూ. నాకూ అట్లనే ఉన్నింది."

"ఏమన్నా?"

"ఏంలేదు. ఇంక కాశీ వద్దులే. లోపలికి పా."

"సార్, సార్!" వీడియోవాడు అడ్డం వచ్చాడు. "బకిల్ ఫోకస్ రాలా. విప్పి ఇంకొకతూరి పెట్టండి."

విప్పి పెట్టాడు. మూడుసార్లు. మూడోసారికి గోపీ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మంక్ మోడలు! అబ్బా, నేను చెప్పింది నువ్వొక్కడివే ఇన్నావన్నా. సందర్భానికి తగిన బూటంటే ఇదీ!"

జనం లోపలికి కదిలాక యోగానందం పెళ్ళాం కొంగు పట్టుకుని ఆపాడు.

"భువనా, అవి నావి."

"మీవైతే నాతో చెప్పే కొని ఉందురు గదా?" అంది ఆమె కళ్ళింతలు చేసి. "చెప్పకుండా కొన్నారంటే నాయన చెప్పినేటివేమో అనుకుంటి."

"నా మంక్ బూట్లే అవి..."

"మంకుపట్టు పట్టొద్దండి. సన్నాసి బూట్లని మీ తమ్ముడే గదా చెప్పినాడు? కాశీకి పొయ్యేటోడికి పెట్టినాము. ఇంట్లో పెండ్లాంబిడ్డలతో సంసారం చేసుకునేటోరు, మీకు దేనికి చెప్పండి?"

యోగానందం దగ్గర బూట్లు లేవు. మేజోళ్ళు మాత్రం ఉన్నాయి.

శ్రావణంలో క్యాసెట్ వచ్చింది. అందరూ నగరి ఇంట్లో చేరారు. అత్త దేవకమ్మ పిల్లలకు మురుకులు పంచింది. కాశీయాత్ర ఘట్టం రాగానే యోగానందం గోడకు ఆనుకుని చిన్నవాడైపోయాడు. తెరనిండా తేనెరంగు బూటు, ఇత్తడి బకిలు, దాన్ని పెడుతున్న తన వేళ్ళు. అంతవరకూ ఫర్వాలేదు. ఆపైన వీడియోవాడికి మళ్ళీ కళ పుట్టింది. కెమెరా మెల్లగా పక్కకు జరిగింది. మోకాళ్ళ మీద కూర్చున్న పెద్దల్లుడి ఎడమకాలు. పాత చెప్పు. వైశాఖపు ఎండలో భగ్గున మెరిసిన పిన్నీసు.

యోగానందం కళ్ళు మూసుకున్నాడు.

"ఉండండి, ఉండండి," అన్నాడు మునిరత్నం. టేపు వెనక్కి తిరిగిన చప్పుడు. నవ్వులకోసం యోగానందం చెవులు సిద్ధం చేసుకున్నాడు.

నవ్వులు రాలేదు.

"చూడండప్పా," అన్నాడు మునిరత్నం. రిమోటు తెరవైపు చాపాడు. "అందురూ బాగా చూడండి. తన కాలికి పిన్నీసు పెట్టుకోని, తమ్ముడి కాలికి ఎట్లాంటివి తొడగతా ఉండాడో! ఆరేండ్లుగా ఈ మనిషిని చూసి నవ్వితిమి గదరా మనము!"

దేవకమ్మ కళ్ళొత్తుకుంది. గోపీ తన మేజోళ్ళ కాళ్ళను మెల్లగా పంచె కిందికి లాక్కున్నాడు. వంశీ లేచి వచ్చి కాళ్ళకు మొక్కాడు. తేనెరంగు బూట్లు గుమ్మం బయట తళతళలాడుతున్నాయి. యోగానందం వాటివైపు చూడకుండానే దీవించాడు.

మగ్గాల వీధిలో పేరు మారలేదు. ఇప్పటికీ పిన్నీసల్లుడే. కాకపోతే ఆ మాట అనేటప్పుడు జనం చేతులు జోడిస్తున్నారు.

తిరుపతికి తిరిగొచ్చాక యోగానందానికి కొంత ధైర్యం వచ్చింది. ఇంత గౌరవం వచ్చిన మనిషి ఒక మోస్తరు చెప్పులైనా కొనుక్కోకూడదా? పాత జతను చేత్తో పట్టుకుని చెత్తకుండీవైపు బయలుదేరాడు.

"యాడికండీ?" అంది భువనేశ్వరి గుమ్మంలోంచి.

"పారేసి వస్తా. కొత్తవి..."

"పారేస్తారా? వచ్చే వారం నాయన వస్తా ఉండాడు. ఇంకో ఇద్దరు ముగ్గుర్ని పిలుచుకోని వస్తాడంట. మిమ్మల్ని చూపించేదానికి." ఆమె దగ్గరికి వచ్చి చెప్పును చేతిలోకి తీసుకుని ఉంగటం తిప్పి చూసింది. "ఇది తుప్పు పట్టింది. ఇట్లనే ఉంటే నాకు మాట."

గాజుల గుత్తిలోంచి ఇంకో పిన్నీసు తీసింది. కొంచెం పెద్దది.

"ఇది పెట్టుకోండి."

యోగానందం గడప మీద కూర్చుని పెట్టుకున్నాడు. కాలు చాచి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. సందర్భానికి తగ్గట్టే ఉంది.